మంచం మీద ఉండి చూసిన సినిమాలు



మూడు వారాలుగా మన ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. పాస్టరుగారి ఇంట్లోంచి రాత్రిపూట సినిమా శబ్దం వస్తోందని. మా ఇంటావిడను నీళ్ల ట్యాంకు దగ్గర ఇద్దరు ముగ్గురు అడిగారట. సంఘపెద్ద ఒకాయన నన్నే అడిగాడు గానీ తిన్నగా అడగలేదు. "అయ్యగారూ, కాలు నొప్పికి నిద్ర పట్టడం లేదా, పదకొండింటి దాకా లైటు వెలుగుతోందీ" అన్నాడు. ఎవరో చెప్పగా వినేకంటే నేనే చెబితే మంచిది. అవును, చూశాను. ఒకటి కాదు, ఐదారు చూశాను. శ్రమల దినాలు మొదలైన వారంలో కూడా ఒకటి చూశాను.

జనవరిలో గృహకూటం ముగించుకుని కాలువగట్టు మీద వస్తూ బండి మీంచి పడిన సంగతి మీకు తెలుసు. డాక్టరు పిండికట్టు కట్టి ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు. మొదటి వారం బైబిలు, రెండు పాత వ్యాఖ్యాన గ్రంథాలు చదివాను. రెండో వారానికి తల బరువెక్కింది. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అబ్బాయి వెళ్లేముందు టీవీకి తన ఫోను కలిపి, "నాన్నా, ఇది ఒక్కటి చూడండి, మీకు నచ్చకపోతే ఆపేయండి" అన్నాడు. అలా మొదలైంది.

ఇదే నేను ఎన్నో ఏళ్లు ప్రసంగపీఠం మీంచి సినిమా పాపం అని చెప్పినవాణ్ణి. ప్రతి మే నెలలో యవ్వనస్థుల కూటం చివరిరోజు చిన్న చీటీలు పంచి, ఇకమీదట సినిమా చూడనని రాయించి సంతకం పెట్టించుకునేవాణ్ణి. ఆ చీటీల కట్ట ఇప్పటికీ మా బీరువాలో ఉంది. 2011లో మన సంఘంలో డోలక్ వాయించే కుర్రవాడు, పంతొమ్మిదేళ్లవాడు, చీటీ రాసిన నెలకే స్నేహితులతో టౌనుకు వెళ్లి సినిమా చూసొచ్చాడు. పెద్దలతో మాట్లాడి మూడు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచాను. మూడు నెలలు అయ్యాక కూడా అతను రాలేదు. ఆ తరువాత హైదరాబాదు వెళ్లిపోయాడు. ఇది పాతవాళ్లందరికీ తెలుసు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

నిజానికి నేను జీవితంలో చూసిన మొదటి సినిమా గుడిలోనే చూశాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరి మందిరం ముందు తెల్ల పంచె కట్టి, ప్రొజెక్టరు పెట్టి 'కరుణామయుడు' వేశారు. 1978లో వచ్చిన సినిమా అది, భీమ్‌సింగ్ గారు తీసింది, విజయచందర్ గారు యేసుప్రభువుగా వేసింది. మన పేటవాళ్లే కాదు, ఊళ్లోవాళ్లు కూడా వచ్చి వరిగడ్డి పరుచుకుని కూర్చున్నారు. సిలువ దృశ్యం వచ్చేసరికి మా నాయనమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. ఎవరో ఒకావిడ లేచి తెరకు దణ్ణం పెట్టింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మమ్మల్ని సినిమాకు వెళ్లొద్దన్న పాస్టరుగారే ఆ ప్రొజెక్టరు పక్కన నిలబడి రీలు మార్చేవాళ్లకు టార్చిలైటు పట్టాడు. అందులో ఉన్న తిరకాసు అప్పుడు నాకు తోచలేదు, సెమినరీలో చదివినప్పుడు కూడా తోచలేదు.

ఇక ఈ ఆరు వారాల సంగతి.

మొదట చూసింది 'బలగం'. 2023లో వచ్చింది. వేణు యెల్దండి తీశాడు, అంతకుముందు మనందరికీ హాస్యనటుడిగా తెలిసినవాడు. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎందుకు ముట్టదని ఊరంతా తలపట్టుకుంటుంది. తీరా చూస్తే ఆ ఇంట్లో కొడుకులకీ అల్లుడికీ ఇరవై ఏళ్లనాటి పగ ఉంది. పగ దేనికి? విందులో అల్లుడికి నల్లిబొక్క వెయ్యలేదని! అప్పట్లో తెలంగాణ ఊళ్లలో తెరలు కట్టి మరీ చూపించారు, చూసినవాళ్లు ఏడ్చారని విన్నాను. నేనూ ఏడ్చాను. పక్కగదిలో మా ఇంటావిడ కాలు నొప్పేమో అనుకుని మాత్ర పట్టుకొచ్చింది.

కాకి, పిండం, ఇవన్నీ మనవి కావు కదా అయ్యగారూ అని కొందరు అంటారు. కావు. కాకిని పక్కన పెట్టండి. చచ్చిపోయిన తండ్రికి ఏది బాధ అన్నదే అక్కడ కథ. మనం పిండం పెట్టం గానీ జ్ఞాపకార్థ కూటం పెడతాం. ఆ కూటాల్లో ఎన్ని నల్లిబొక్కలు చూశాను నేను! ఆహ్వాన పత్రికలో పెద్దల్లుడి పేరు పైన వేశారా కింద వేశారా, వాక్యం చెప్పడానికి ఎవరి తరఫు పాస్టరును పిలిచారు, సమాధి రాయి మీద ఖర్చు పెట్టినవాడి పేరు చెక్కించారా. తప్పిపోయిన కుమారుని కథలో కూడా పెద్దకొడుకు గడప బయట నిలబడి గొణిగింది తన స్నేహితులతో తినడానికి ఒక మేకపిల్ల ఇవ్వలేదనే. ఆ కథ మీద నేను కనీసం ఇరవై ప్రసంగాలు చేసి ఉంటాను. అన్నిట్లోనూ చిన్నకొడుకు గురించే ఎక్కువ చెప్పాను.

నా సంగతి కూడా చెప్పాలి. 2018లో మా నాన్నగారి జ్ఞాపకార్థ కూటానికి 500 కార్డులు వేయించాను. అందులో మా బాబాయి పేరు పడలేదు. కావాలని తీసేయలేదు, అలాగని పొరపాటూ కాదు. పేర్లు ఎక్కువైపోయాయని ప్రెస్సు వాడంటే, "సోదరులు" అని ఒక్క మాట వేసెయ్ అన్నాను. బాబాయి వచ్చాడు, వెనక వరసలో కూర్చున్నాడు, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు. అప్పట్నుంచి మాటల్లేవు. కానుక బలిపీఠం దగ్గర వదిలేసి ముందు సహోదరునితో సమాధానపడమన్న మాట నేను మీకు ప్రతి సంవత్సరం చెబుతూనే ఉన్నాను. సినిమా చూసిన మర్నాడు ఫోన్ చేశాను. పిన్ని ఎత్తింది. బాబాయి పొలం వెళ్లాడంది. మళ్లీ చెయ్యడానికి నాకింకా ధైర్యం చాల్లేదు.

రెండోది మలయాళం సినిమా, 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్', 2021లో జియో బేబీ తీసింది. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలతో చూశాను గానీ, చదవాల్సినంత మాటలే లేవందులో. కొత్తగా పెళ్లయిన అమ్మాయి వండుతుంది, వడ్డిస్తుంది, కడుగుతుంది. మళ్లీ వండుతుంది. మామగారికి పళ్లుతోముకునే బ్రష్షు కూడా చేతికందాలి. అన్నం కట్టెలపొయ్యి మీదే ఉడకాలి. సింకు కింద పైపు కారుతుంటుంది, బాగు చేయించమని ఆమె ఎన్నిసార్లు చెప్పినా మొగుడికి గుర్తుండదు. పెద్ద సంఘటనలేవీ లేకుండా ఇంతసేపు ఎలా తీశాడా అనిపించింది. అరగంట గడిచేసరికి నాకే విసుగొచ్చింది. ఈ విసుగు ఆ పిల్లకు రోజూ ఉందన్నది అప్పుడు తట్టింది.

ఆ ఇంట్లో శబరిమల మాల, మడి ఆచారం ఉంటాయి గనుక అది వాళ్ల సమస్య అనుకోవడం మనకు సులువు. మన ఇళ్లలో మాల లేదు గానీ సింకు ఉంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన రోజున మనమంతా మోకాళ్ల మీద ఉంటే, సాయంత్రం ఉపవాసం విడిచే నలభై మందికి ఉప్మా చేసేది ఎవరు? వాక్యం వినకుండా వెనక గిన్నెల దగ్గర ఉండేది ఎవరు? మార్త పనితో సతమతమవుతోందని, మరియ మంచిదాన్ని ఎంచుకుందని మగవాళ్లం ప్రసంగిస్తాం. ప్రసంగం అయ్యాక టీ ఎక్కడా అని చూస్తాం. ఈ సినిమా మా ఇంటావిడతో కలిసి చూద్దామనుకున్నాను. సగంలోనే నిద్రపోయింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచిన మనిషి మరి. మర్నాడు కథంతా నేను చెబితే విని, "మన పెరటి కుళాయి కూడా కారుతోందండీ, నవంబరు నుంచి" అంది. కుళాయి బాగు చేయించాను. అంతకంటే ఎక్కువ ఏదో చేశానని చెప్పుకోను.

మన కుర్రాళ్లు అదేపనిగా మాట్లాడుకుంటున్నారని 'యానిమల్' కూడా పెట్టించాను. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. విశ్రాంతి దగ్గర హోటల్లో జరిగే నరుకుడు, పెద్ద తుపాకీ మోత దాకా చూసి ఆపేశాను. బాగాలేదని ఆపలేదు. నాకు విసుగు రాలేదు, ఎవరు పడతారా ఎంతమంది పడతారా అని మంచం మీద ముందుకు వంగి చూస్తున్నాను. నన్ను నేను అలా చూసుకుని ఆపాను. తమ్ముళ్లూ, మీరు చూసే ఉంటారు, నాకు తెలుసు. చూశారా అని అడగను. చూస్తున్నంతసేపు మీలో ఎవరు సంతోషించారో, అది మాత్రం ఒకసారి నాతో కూర్చుని చెప్పండి. తండ్రి ప్రేమ కోసం కొడుకు పడే ఆరాటం అందులో ఉందంటారు. ఉంది. దాని కింద అన్ని శవాలు ఎందుకు పరచాలో నాకు అర్థం కాలేదు.

ఇక 'జై భీమ్'. దీని గురించి రాయాలనే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

2021లో జ్ఞానవేల్ తీసిన తమిళ సినిమా, తెలుగులో కూడా ఉంది. సూర్య వకీలుగా వేశాడు. మొదట్లోనే జైలు తలుపు దగ్గర ఒక దృశ్యం ఉంది. విడుదలై బయటికొస్తున్నవాళ్లను నీ కులమేమిటని ఒక్కొక్కరినీ అడుగుతారు. పెద్దకులమైతే ఇంటికి పొమ్మంటారు. చిన్నకులమైతే పక్కన నిలబెట్టి తేలని కేసులేవో వాళ్ల మీద రాసేస్తారు. అక్కడే నాకు కడుపులో తిప్పింది. తరువాత పొలాల్లో ఎలుకలు పట్టుకునే ఇరులర్ కుటుంబం వస్తుంది. రాజన్న మీద నగల దొంగతనం మోపి పోలీసులు పట్టుకుపోతారు. అతని భార్య నిండు గర్భిణి, చదువులేనిది. ఆమె భర్తను వెతుక్కుంటూ వకీలు దగ్గరికి చేరుతుంది. కల్పించింది కాదు. 1993లో తమిళనాట కడలూరు వైపు నిజంగా జరిగిన కేసు. అప్పుడు వాదించిన చంద్రు గారు తరువాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. నిజంగా చనిపోయినాయన కురవ కులస్థుడు, సినిమాలో ఇరులర్ అని మార్చారు.

ఇరులర్లు అంటే మనకు తెలియకపోవచ్చు. యానాదులు అంటే తెలుసు. మన చేలల్లో కోతల ముందు కలుగులకు పొగబెట్టి ఎలుకలు పట్టేది వాళ్లే. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేదీ వాళ్లే. చెరువులో ఏది పోయినా మొదట పిలిచేదీ వాళ్లనే.

2016 వర్షాకాలంలో ఒక చెరువు మీద మోటారు పోయింది. అక్కడ కాపలా ఉన్న యానాది కుర్రవాణ్ణి రాత్రి తీసుకెళ్లారు. ఆ కుటుంబం అప్పుడప్పుడే మన ఆరాధనకు వస్తోంది. బాప్తిస్మం కాలేదు గానీ ప్రతి ఆదివారం వాకిలి దగ్గర చాప మీద కూర్చునేవాళ్లు. తొమ్మిదిన్నర దాటాక అతని తల్లి, భార్య వానలో తడుస్తూ మా ఇంటికొచ్చారు. "అయ్యగారూ, మీరొచ్చి ఒక్క మాట చెబితే వదిలేస్తారు" అంది ఆ తల్లి. నేను వాళ్లను లోపల కూర్చోబెట్టి ప్రార్థన చేశాను. చాలాసేపే చేశాను. చేతిలో 200 రూపాయలు పెట్టి, దేవుడు చూసుకుంటాడమ్మా, ఉదయం చూద్దాం అని పంపించాను. ఉదయం నాకు వేరే మండలంలో పాస్టర్ల కూటం ఉంది. వెళ్లాను.

ఆ చెరువు యజమాని అంతకు రెండు నెలల ముందే మన మందిరం స్లాబుకు 40 బస్తాల సిమెంటు ఇచ్చాడు. ఈ మాట ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి ప్రార్థన చేస్తున్నప్పుడు నా మనసులో ఆ తల్లి లేదు, సిమెంటు ఉంది.

కుర్రవాడు నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. కుడిచెయ్యి భుజం పైకి లేచేది కాదు. కొన్ని వారాలకు ఆ మోటారు ఎక్కడో రిపేరు షాపులో దొరికింది, దానికీ అతనికీ సంబంధం లేదని తేలింది. ఎవరూ అతని దగ్గరికి వెళ్లి తప్పయిందని అనలేదు. నేనూ అనలేదు. ఆ కుటుంబం ఆరాధనకు రావడం మానేసింది. మళ్లీ పాత అలవాట్లలో పడిపోయారని నేను మీకు చెప్పాను. కొందరికి గుర్తుండే ఉంటుంది.

సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వచ్చి ఒక కథ చెబుతాడు. బీదవాడికి ఒక్కటే గొర్రెపిల్ల, దాన్ని ఐశ్వర్యవంతుడు లాక్కున్న కథ. దావీదు మండిపడతాడు, అలాంటివాడు చావాలంటాడు. ఆ మనిషి తానేనని ఆ తరువాత తెలుస్తుంది. నాతాను తిన్నగా ఊరియా పేరెత్తి ఉంటే రాజు వినేవాడా? 'జై భీమ్' చూస్తూ నేను పోలీసుల మీద పళ్లు కొరికాను, తిట్టాను కూడా. అరగంట తరువాత, రాజన్న భార్య కడుపు పట్టుకుని గడపగడపకూ తిరుగుతుంటే, ఆ గడపల్లో ఒకటి మాదని గుర్తొచ్చింది. మంచి సమరయుని కథలో పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడు, లేవీయుడు ఎక్కడికి వెళుతున్నారో లూకా సువార్త చెప్పలేదు. పాస్టర్ల కూటానికి అయి ఉండొచ్చు.

ఆ రాత్రి నేను చెయ్యగలిగింది ఏముంది అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఉంది. కాలు బాగయ్యాక టౌనులో వకీలు ఒకాయన్ని అడిగి తెలుసుకున్నాను, మీరూ రాసి పెట్టుకోండి. ఎవరిని అరెస్టు చేసినా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ప్రయాణానికి పట్టే సమయం మాత్రం మినహాయింపు. రాజ్యాంగంలో 22వ అధికరణం ఇది. నాలుగు రోజులు ఉంచడం కుదరదు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100 నంబరుకు ఫోన్ చెయ్యొచ్చు. యానాదులు మన రాష్ట్రంలో ఎస్టీలు. ఆ రాత్రి నాకు ఈ నంబరు తెలిసి ఉంటే చేసేవాణ్ణా అంటే, చేసేవాణ్ణని గట్టిగా అనలేను. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు నేను.

పిండికట్టు తీసిన వారానికి చంకకర్రతో మా అబ్బాయి బండి వెనక కూర్చుని వాళ్ల దగ్గరికి వెళ్లాను. డ్రెయిను గట్టు మీద పాకలో ఉంటున్నారు. తల్లి నన్ను గుర్తుపట్టి, లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. కొడుకు లేడు, చెరువు మీద ఉన్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను, సిమెంటు సంగతితో సహా. ఆమె వింది. "అప్పుడు మాకు మీరు తప్ప ఎవరూ తెలీదయ్యా" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. టీ పెడతానంది, పెట్టింది, తాగి వచ్చాను. కొడుకును కలవడానికి మళ్లీ వెళ్లాలి.

ఇప్పుడు చీటీల సంగతి. ఆ కట్టలో మన డోలక్ కుర్రవాడి చీటీ వెతికితే దొరికింది. అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఇప్పుడతనికి ఇద్దరు పిల్లలు, కారు నడుపుతున్నాడు. నన్ను గొంతు బట్టే గుర్తుపట్టాడు. ఆ మూడు నెలల గురించి క్షమించమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "సినిమాకని బాధ కాదు అయ్యగారూ, మీరు నన్ను అడక్కుండా పెద్దల్ని అడిగారు" అన్నాడు. బేరం వచ్చిందని పెట్టేశాడు. ఈస్టరుకు వస్తావా అని అడగాలనుకుని అడగలేదు.

ఈ మే నెల కూటంలో చీటీలు ఉండవు. చెడ్డ సినిమాలు లేవని కాదు, సెల్‌ఫోన్లో రాత్రి రెండింటి దాకా చూసేవన్నీ మంచివనీ కాదు. ఆ చీటీతో నేను మీ కళ్లను కాపలా కాశాననుకున్నాను, నా కళ్ల ముందున్న మనిషిని చూడలేదు. పెద్దలలో ఇద్దరికి ఇది ఇష్టం లేదు. పాస్టరే ఇలా అంటే కుర్రాళ్లను ఎవరు ఆపుతారని వాళ్ల భయం. ఆ భయం ఉత్తిది కాదు, నా ఇంట్లోనూ ఒక కుర్రవాడు ఉన్నాడు. ఆదివారం ఆరాధన తరువాత కూర్చుని మాట్లాడుకుందాం, ఎవరి మనసులో ఉన్నది వాళ్లు చెప్పండి.

వచ్చే శనివారం ప్రార్థన అయ్యాక మా ఇంట్లో 'బలగం' వేస్తాను. కుటుంబంతో మాటల్లేనివాళ్లు ముఖ్యంగా రండి. టీవీ చిన్నది, కాబట్టి కళ్లు సరిగ్గా కనబడని అవ్వలు ముందు కూర్చోవాలి. టీ మగవాళ్లు పెడతారు.